గోదావరి గట్టు మీద టైటాన్స్ కూత



2014 జూలై నెలను భద్రాచలం చుట్టుపక్కల వాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఆ సంబరం ఇంకా సద్దుమణగక ముందే, జూలై 11న లోక్‌సభలో, 14న రాజ్యసభలో పోలవరం ముంపు మండలాల బిల్లు గట్టెక్కింది. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటి ఇటు మిగిలింది, పల్లెలు అటు పోయాయి. రాములవారు తెలంగాణలో ఉన్నారు, ఆయన మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో ఉంది. భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెం పోవాలన్నా, పర్ణశాల చూడాలన్నా నడుమ ఆంధ్ర ఊళ్లు దాటి మళ్లీ తెలంగాణలో దిగాలి. రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది, పిల్లల సర్టిఫికెట్ మీద ఏ జిల్లా రాయించాలి, పాసుపుస్తకం పట్టుకుని ఏ ఆఫీసుకి పోవాలి అన్నవే టీకొట్ల దగ్గర మాటలు. బందులు, రాస్తారోకోలు సరేసరి.

ఆ నెల 26న టీవీలో కబడ్డీ లీగ్ మొదలైంది. ప్రో కబడ్డీ లీగ్. ఎనిమిది జట్లు. బెంగళూరు, ఢిల్లీ, జైపూర్, పాట్నా, పుణె, ముంబై అని ఆరు జట్లకు ఊళ్ల పేర్లున్నాయి. ఒకటి బెంగాల్. మిగిలిన ఎనిమిదో జట్టు పేరులో ఊరు లేదు, రాష్ట్రం లేదు. తెలుగు టైటాన్స్. యజమానులు వ్యాపారం చేసేవాళ్లే కాబట్టి, రెండు రాష్ట్రాల ప్రేక్షకులనూ పోగొట్టుకోకూడదన్న లెక్క దాని వెనక ఉండే ఉంటుంది. లెక్క వాళ్లది, లాభం మాత్రం మాకూ దక్కింది. ఏటపాకలో ఉన్నవాడు, భద్రాచలంలో ఉన్నవాడు, బ్రిడ్జి అవతల సారపాకలో ఉన్నవాడు ముగ్గురూ మాది అని చెప్పుకోవడానికి ఆ రోజుల్లో మిగిలినవి తక్కువ. వాటిలో ఈ జట్టు ఒకటి.

నేను ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పీఈటీగా పనిచేసినవాణ్ణి. కాబట్టి ఈ ముచ్చట ఆటలోంచే చెబుతాను, రాజకీయంలోంచి కాదు.

నిజం చెప్పాలంటే మా అడవి ఊళ్లలో వాలీబాల్‌కి ఉన్నంత పిచ్చి కబడ్డీకి లేదు. రెండు వెదురు గడలు, ఒక వల ఉంటే ఏ గూడెంలోనైనా సాయంత్రం బంతి ఎగురుతుంది. పోలీసులు పల్లెలకు వచ్చి పంచేవి కూడా ఎక్కువగా వాలీబాల్ కిట్లే. కబడ్డీ మాత్రం సంక్రాంతి ఆట, బడి ఆట. వాగు ఇసుక తట్టలతో మోసి పోసి, రాళ్లు ఏరి, ముగ్గుపిండితో గీతలు గీసి, చుట్టూ తాడు కడితే కోర్టు తయారు. కూతకు పోయేవాడు మధ్యగీత మీద మట్టి తాకి కళ్లకద్దుకుని లోపలికి దిగుతాడు. ఇక అంపైరు పని చెవులతోనే. కూత తెగిందా లేదా? ఊపిరి పీల్చాడా లేదా? పల్లె కబడ్డీలో తగాదాలన్నీ అక్కడే పుడతాయి. అవతలి జట్టు వాళ్లు తెగిందంటారు, ఇవతలి వాళ్లు తెగలేదంటారు, అంపైరు వాళ్ల బామ్మర్ది అని మూడోవాడు అంటాడు. ఆట అరగంట ఆగిపోతుంది.

టీవీలో వచ్చిన కబడ్డీ చూడగానే పెద్దవాళ్లకు వచ్చిన మొదటి అనుమానం ఇదే: కూత వినపడదేంటి? నిబంధన ప్రకారం కూత ఉంది, ఆటగాడు అంటూనే ఉంటాడు, కానీ ఆ పాటల హోరులో, జనం కేకల్లో అది మునిగిపోతుంది. దాని స్థానంలో 30 సెకన్ల గడియారం వచ్చింది. ఊపిరికి బదులు అంకెలు. కబడ్డీ నిజానికి వినే ఆట, రేడియోకి సరిపోయే ఆట. దాన్ని చూసే ఆట చేశారు. మా ఊరి పెద్దలకు ఇది నచ్చలేదు. నాకు మాత్రం నచ్చింది. పాతికేళ్లు ఈల ఊది తిట్లు తిన్నవాడికి గడియారం విలువ తెలుస్తుంది.

గడియారం ఒక్కటే కాదు, మూడో కూత నిబంధన కూడా వచ్చింది. వరసగా రెండు కూతలు ఉత్తవైతే, మూడోసారి వెళ్లినవాడు పాయింటు తేవాలి, లేదా అవుటై బయట కూర్చోవాలి. డూ ఆర్ డై అన్నారు దాన్ని. పాత ఆటలో ఆధిక్యంలో ఉన్న జట్టు ఏం చేసేదో మీకు తెలుసు. దాటి తీరాల్సిన బాక్ లైన్ దాకా పోయి, కాలు అటు పెట్టి ఇటు తీసి, ముద్దుగా తిరిగొచ్చేది. చూసేవాడికి నిద్ర వచ్చేది.

ఈ జబ్బు మన కబడ్డీకే పుట్టింది కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ లీగ్ కొత్తగా నడుస్తున్న రోజుల్లో, 1950 నవంబర్ 22న, ఫోర్ట్ వేన్ అనే ఊరి జట్టు మినియాపొలిస్ లేకర్స్ మీద ఆడింది. లేకర్స్‌లో జార్జ్ మైకన్ అనే ఆజానుబాహుడున్నాడు, అతని ముందు ఎవరూ నిలబడలేకపోతున్నారు. అందుకని ఫోర్ట్ వేన్ వాళ్లు బంతి చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. బుట్టలో వేయరు, అవతలివాడికి ఇవ్వరు. ఆట అయిపోయేసరికి స్కోరు 19-18. రెండు జట్లూ కలిసి 37. మన హైస్కూలు పిల్లలు ఆడినా అంతకంటే ఎక్కువ వస్తాయి. డబ్బు పెట్టి టికెట్టు కొన్న జనం తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. ఇలా సాగితే లీగ్ మూతపడుతుందని అందరికీ అర్థమైంది, మందు దొరకడానికే నాలుగేళ్లు పట్టింది. సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ ఊళ్లో బౌలింగ్ ఆటశాల నడిపేవాడు. ఆయన లెక్క చాలా సులువు. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. బాగా సాగిన ఆటలో రెండు జట్లూ కలిపి దాదాపు 120 సార్లు బుట్ట వైపు వేస్తాయి. భాగిస్తే 24. బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో వేయాల్సిందే అని 1954లో నిబంధన పెట్టారు. ఆ సీజన్ చివర్లో ఫైనల్‌కి వచ్చింది ఎవరనుకున్నారు? గడియారం కనిపెట్టిన సిరాక్యూస్, బంతి పట్టుకుని నిలబడిన ఫోర్ట్ వేన్. ఏడో మ్యాచ్‌లో సిరాక్యూస్ 92-91తో గెలిచింది. ఒక్క పాయింటు. ఈ ఒక్క పాయింటు సంగతి గుర్తుపెట్టుకోండి, మనకు మళ్లీ పని పడుతుంది.

ఇక టైటాన్స్ దగ్గరికి వద్దాం. మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడు రాకేశ్ కుమార్, పాట్నా వాళ్లు 12 లక్షల 80 వేలకు తీసుకున్నారు. రెండో ధర మన జట్టుదే. 12 లక్షల 60 వేలకు దీపక్ నివాస్ హుడా. హర్యానాలో రోహ్‌తక్ దగ్గర చమారియా అనే పల్లె వాడిది. చిన్నప్పుడే తల్లినీ, తర్వాత తండ్రినీ పోగొట్టుకుని, బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఇల్లు ఈదుతూ కబడ్డీ ఆడినవాడు. క్రికెట్ వేలాల పక్కన పెడితే ఆ డబ్బు చిల్లర కిందే లెక్క. కానీ అప్పటిదాకా కబడ్డీ ఆడితే వచ్చేది ఏంటి? రైల్వేలోనో పోలీసులోనో ఓ ఉద్యోగం, టోర్నమెంటులో ఓ కప్పు, మా వైపైతే ఓ పొట్టేలు. మా వైపు లక్షల మాట కబడ్డీ పక్కన వినపడడం అదే మొదలు.

అసలు జట్టుని మోసినవాడు మాత్రం ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ కుర్రాడు రాహుల్ చౌదరి. అప్పటికి 21 ఏళ్లు. వాడి కూత చూడాలి. చాలామంది కూతగాళ్లు కాలు చాపి బొటనవేలితో తాకాలని చూస్తారు. రాహుల్ అలా కాదు. అటు మూల నుంచి ఇటు మూలకు అడ్డంగా పరుగు తీసేవాడు. పట్టేవాళ్ల గొలుసు వాడి వెంట తిరిగేది. గొలుసు తిరిగేటప్పుడు చివరివాడు ఒక అర అడుగు వెనకబడతాడు, ఏ గొలుసైనా అంతే. ఆ అర అడుగు కోసమే వాడి పరుగంతా. చెయ్యి ఒకటి చాపి, భుజం మీదో మోచేతి మీదో తట్టి, అదే ఊపులో మధ్యగీత దాటి వచ్చేసేవాడు. పరుగు ఆగదు, వెనక్కి చూడడు. మా బడి పిల్లలు మర్నాడు పొద్దున ప్రార్థన కాకముందే ఇసుకలో అది మొదలుపెట్టేవాళ్లు. సగం మంది జారిపడేవాళ్లు. ఆ మొదటి సీజన్లో రాహుల్ కూతల మీద 151 పాయింట్లు తెచ్చాడు. వాడికంటే పైన ఉన్నది ముంబై కెప్టెన్ అనూప్ కుమార్ ఒక్కడే, 155తో.

అయినా జట్టు సెమీస్ చేరలేదు. తమిళనాడుకు చెందిన రాజగురు సుబ్రమణియన్ కెప్టెన్సీలో ఐదో స్థానంతో సరిపెట్టుకుంది. అప్పట్లో నాలుగు జట్లే ముందుకు పోయేవి, మనది ఐదు. సొంత మైదానం విశాఖపట్నంలో పెట్టారు. హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులు, తెలుగు అని పేరు పెట్టి ఆట వైజాగ్‌లో ఏంటని సణిగారు. ఆ ఆగస్టు 31న ముంబైని ఓడించి జైపూర్ కప్పు ఎత్తుకుపోయింది. దేశంలో 43 కోట్ల 50 లక్షల మంది లీగ్ చూశారని లెక్క తేలింది. ఆ ఏడాది ఐపీఎల్ తర్వాత స్థానం కబడ్డీదే. ఆ లెక్కలో మా పక్క వాటా ఎంతో గానీ, ఆ రోజుల్లో కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి వెళ్లే ఫోన్లు మటుకు పెరిగాయి.

2015 వచ్చింది. ఆ జూలై 14న గోదావరి మహా పుష్కరాలు మొదలై 25 దాకా సాగాయి. భద్రాచలం ఘాట్ల దగ్గర కాలు పెట్టే చోటు లేదు. ఆ పుష్కరాల మధ్యలోనే, 18న, లీగ్ రెండో సీజన్ మొదలైంది. ఇంటి నిండా చుట్టాలు. పొద్దున పుష్కర స్నానం, రాత్రి ఎనిమిదింటికి కబడ్డీ. కాకినాడ నుంచి వచ్చిన బావ, కరీంనగర్ నుంచి వచ్చిన తోడల్లుడు రాష్ట్రం విడిపోవడం మీద అన్నం తింటున్నంతసేపూ వాదించుకున్నారు. టైటాన్స్ ఆట మొదలయ్యేసరికి ఇద్దరూ ఒకే చాప మీదకి వచ్చారు. దాన్నిబట్టి ఏదో తేల్చేద్దామని కాదు. ఆట అయిపోయాక మళ్లీ వాదన మొదలైంది.

ఈసారి సొంత మైదానం హైదరాబాద్ గచ్చిబౌలికి మారింది. తర్వాతి సీజన్‌కి మళ్లీ విశాఖ, ఆ తర్వాత మళ్లీ హైదరాబాద్. ఇద్దరు కొడుకుల ఇళ్లలో వంతులవారీగా ఉండే తల్లిలాగా నాలుగు సీజన్లు ఇలా గడిచాయి. మాకు మాత్రం రెండూ దూరమే. హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాట, విశాఖ ఇంకా ఎక్కువ. కాబట్టి ఎక్కడాడినా మాకు టీవీయే గ్యాలరీ.

జట్టు కూడా గట్టిపడింది. రాహుల్, దీపక్ ఉన్నారు. కర్ణాటక నుంచి సుకేశ్ హెగ్డే, ప్రశాంత్ రాయ్ ఉన్నారు. ఇరాన్ నుంచి మెరాజ్ షేక్ వచ్చాడు. అంతకు ముందు అక్టోబర్‌లో ఇంచియాన్ ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 27-25తో ఇరాన్‌ని అతికష్టం మీద గెలిచింది. ఆ రోజు మనవాళ్లకు చెమటలు పట్టించిన జట్టులోని ఆటగాడు తొమ్మిది నెలల తర్వాత తెలుగు అని రాసున్న చొక్కా తొడుక్కుని కూతకు దిగాడు. మా పిల్లలకు ఇరాన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించాల్సిన అవసరం అప్పుడే పడింది. సోషల్ సారు చాలా సంతోషించారు.

అప్పట్లో లీగ్ దశలో 14 మ్యాచ్‌లు. గెలిస్తే ఐదు పాయింట్లు, సమమైతే చెరి మూడు. ఓడినా ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవాళ్లు. చాలా తెలివైన నిబంధన ఇది. ఓడిపోయే జట్టు కూడా ఆఖరి నిమిషం దాకా వదిలిపెట్టకూడదు, అదీ దాని ఉద్దేశం. ఈసారి టైటాన్స్ మొదటి నాలుగింటిలోకి వచ్చింది. సెమీఫైనల్ బెంగళూరు బుల్స్ మీద.

ఆగస్టు 21. ముంబై. మా వైపు ఆ నెలలో అందరి కళ్లూ గోదావరి మట్టం మీద ఉంటాయి. 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె ఒక్కటి అటూ ఇటూ అయితే ఏం జరుగుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి 40 నిమిషాల ఆట పూర్తయ్యేసరికి బెంగళూరు 39, టైటాన్స్ 38.

ఒక్క పాయింటు అంటే కబడ్డీలో ఎంత? ఎదుట ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడు కూతగాడు బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు నేల తాకకుండా గాల్లో ఉంచితే ఒక పాయింటు. ఆ రెండో కాలి మడమ వేలెడంత కిందకి దిగితే అది లేదు. పట్టేవాడు తొందరలో పక్కగీత తొక్కితే అవతలివాడికి ఒకటి. ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు కూతగాణ్ణి పడేస్తే ఒకటికి బదులు రెండు వస్తాయి, సూపర్ ట్యాకిల్ అంటారు. మొత్తం జట్టుని ఖాళీ చేస్తే లోనా, అదనంగా రెండు. ఇన్ని దారుల్లో ఎక్కడో ఒకచోట ఒకటి జారిపోయింది. ఓడిపోయిన మర్నాడు మా వీధిలో ప్రతివాడూ ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో తనకే తెలుసన్నట్టు మాట్లాడాడు. ఒక్కొక్కరిది ఒక్కో చోటు. లీగ్ దశలో అయితే ఈ ఓటమికి ఒక పాయింటు ఊరటగా వచ్చేది. సెమీఫైనల్లో ఊరట లేదు.

రెండు రోజుల తర్వాత, 23న, మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో టైటాన్స్ పాట్నాని 34-26తో ఓడించింది. ఆ రాత్రే ముంబై కప్పు గెలిచింది. మూడో స్థానం మ్యాచ్‌ని జనం పట్టించుకోరు గానీ, నా లెక్కలో ఆటగాడి పరీక్ష అక్కడే. ఒక్క పాయింటుతో ఫైనల్ పోగొట్టుకున్నవాడు రెండు రోజుల్లో మళ్లీ గీత మీద నిలబడి ఎనిమిది పాయింట్ల తేడాతో గెలవడం చిన్న సంగతి కాదు. పిల్లలకు నేను సెమీఫైనల్ గురించి కాక ఈ మ్యాచ్ గురించి చెప్పేవాణ్ణి. వాళ్లు వినేవాళ్లు కాదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత జట్టు ఓసారి ఐదోది, ఓసారి నాలుగోది అయింది. లీగ్ 12 జట్లకు పెరిగింది. 2018లో రాహుల్‌ని కోటి 29 లక్షలకు అట్టిపెట్టుకున్నారు, ఆ మరుసటేడు అతను తమిళ జట్టుకి వెళ్లిపోయాడు. 2023లో కూతగాడు పవన్ సెహ్రావత్‌కి టైటాన్స్ రెండు కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. పన్నెండు లక్షలకు నోళ్లు తెరిచిన రోజుల నుంచి ఇక్కడికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఇప్పుడు నాకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. రాహుల్ బిజ్నోర్, దీపక్ రోహ్‌తక్, రాజగురు తమిళనాడు, సుకేశ్, ప్రశాంత్ కర్ణాటక, మెరాజ్ ఇరాన్. జట్టు పేరు తెలుగు, ఆడి గెలిపించిన పెద్ద పేర్లలో తెలుగు ఊరు వెతుక్కోవాలి. అడవి ఊరి సంగతి చెప్పనే అక్కర్లేదు. వేలంలో ఎవరు బాగా ఆడితే వాళ్లనే కొంటారు, దానికి యజమానుల్ని అని లాభం లేదు. మన దగ్గర పిల్లలు లేరా అంటే ఉన్నారు. పాల్వంచ పక్కన కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం క్రీడా పాఠశాలే ఉంది. గుట్టలెక్కి పోడు చేలకు పోయొచ్చే కాళ్లకు దమ్ము తక్కువ కాదు. కొరత రెండు చోట్ల ఉంది.

ఒకటి తిండి. లీగ్‌లో 85 కిలోల దాకా ఆడనిస్తారు. మా హాస్టల్ కుర్రాడు ఇంటర్‌కి వచ్చేసరికి 55 ఉంటే గొప్ప. మూలన నిలబడి చీలమండ పట్టాలంటే వేగం చాలు, ఎదురుగా వచ్చేవాణ్ణి డ్యాష్ కొట్టి బయటికి తోయాలంటే బరువు కావాలి.

రెండోది మ్యాట్. ఇసుకలో ఆడేవాడు ఆగాలంటే కాలివేళ్లు నేలలోకి దించుతాడు. చిన్నప్పటి నుంచి అదే అలవాటు, ఒళ్లు ఆ లెక్కన తూగుతుంది. మ్యాట్ మీద వేళ్లు దిగవు. షూ వేసుకోవాలి, షూ అడుగు మ్యాట్‌ని గట్టిగా పట్టేస్తుంది. ఇసుకలో తిరిగినట్టు గిరుక్కున తిరిగితే పాదం అక్కడే ఉండిపోయి మోకాలు మెలితిరుగుతుంది. జిల్లా సెలక్షన్‌కి తీసుకెళ్లిన పిల్లల్లో కొందరు మ్యాట్ ఎక్కడం అదే మొదటిసారి, షూ కట్టుకోవడం కూడా. ఊళ్లో ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాటొచ్చే కుర్రాడు అక్కడ మొదటి కూతలోనే బోర్లా పడ్డాడు. సెలక్టర్లకు కనపడింది ఆ పడిపోవడమే. నేను వాళ్లని తప్పుపట్టను, వాళ్ల ముందున్నది రెండు నిమిషాలు. ఆ కుర్రాడు షూ విప్పి చేతికిచ్చి, ఇవి ఎవరివి సార్, ఎవరికివ్వాలి అని అడిగాడు. తర్వాతి పిల్లవాడిదే వంతు కాబట్టి వాడికే ఇచ్చాం. అతనికి ఒక సైజు పెద్దయ్యాయి.